లెక్కకు మించిన చేపలు

"అరవై" అన్నాడు నెవిల్ పైకే.

వినేవాళ్లెవరూ లేరు. భార్య లినెట్ వంటింట్లో రేడియో పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. నెవిల్ తొట్టి అంచు మీద రెండు చేతులూ ఆనించి నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు.

ట్రౌట్ చేపల్ని లెక్కపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. వెయ్యి లీటర్ల తొట్టి, లోపలంతా నీడ, పైకి ఒకసారి మెరిసి కిందికి జారిపోయే వెన్నులు. అందుకని నెవిల్ ఒక ప్లాస్టిక్ జాలీని చట్రానికి బిగించుకున్నాడు. దాన్ని తొట్టి మధ్యలో నిలబెట్టి, చేపలన్నిటినీ ఒక పక్కకి తోలి, జాలీ మూలన ఉన్న చిన్న తలుపు తెరుస్తాడు. ఒక్కొక్కటీ ఇవతలికి దాటుతుంటే లెక్కపెడతాడు. ముప్ఫై ఒక్కేళ్లు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బస్సు నడిపిన మనిషి. ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ అద్దంలోంచి లెక్కేసుకోవడం ఆ కళ్లకి కొత్త కాదు.

మే నెలలో వేలెడు పిల్లల్ని నలభై వదిలాడు. సెప్టెంబర్లో కూతురు టానియా పుట్టినరోజుకి నాలుగు కోశారు. ముప్ఫై ఆరు ఉండాలి. పోయిన బుధవారం లెక్కపెడితే నలభై ఎనిమిది వచ్చాయి. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ తోలి మళ్లీ చూశాడు. నలభై ఎనిమిదే. ఇవాళ అరవై.

తగ్గితే అర్థముంది. కొంగ ఎత్తుకుపోతుంది, లేదా ఎగిరి బయట పడి చస్తాయి. ఎక్కువైతే ఏమనుకోవాలి? ట్రౌట్ పెరటి తొట్టిలో గుడ్లు పెట్టి పిల్లల్ని చెయ్యదు. చేసినా ఆ పిల్లలు జానెడు పొడుగుతో పుట్టవు.

నెవిల్ గాజు గొట్టంలోకి తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, బొటనవేలితో మూసి ఊపాడు. పసుపుగా ఉండవలసిన నీళ్లు ఆకుపచ్చకి తిరిగాయి. అమ్మోనియా. చేపల మురికి పెరిగిపోయింది. తొట్టి నీళ్లు పంపుతో పైనున్న గులకరాళ్ల మడుల్లోకి ఎక్కుతాయి. మురికిని ఆకుకూరలు తినేసి, తేరిన నీళ్లు తిరిగి తొట్టిలోకి దూకుతాయి. ముప్ఫై ఆరు చేపలకి ఆ మడులు చాలు. ఇన్నిటికి చాలవు. అంటే లెక్క తన బుర్రలో తప్పలేదు, చేపలు నిజంగానే ఎక్కువున్నాయి. ఆ మాట తనకి తాను చెప్పుకున్నాక కాస్త ఊపిరాడింది. వెంటనే మరో అనుమానం వచ్చింది. పోయిన బుధవారం మేత రెండు గుప్పెళ్లు ఎక్కువ వేశానా? ఆకుపచ్చ దానివల్ల కూడా రావచ్చు కదా?

"లిన్, చేపలు అరవై ఉన్నాయి" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

లినెట్ కత్తి ఆపలేదు. "నలభై వేశావు, నాలుగు తిన్నాం. ముప్ఫై ఆరు. నీకు గుర్తులేకపోతే నాకుంది."

"నాకూ ఉంది. అందుకే చెప్తున్నాను."

"అయితే ఏంటి, దొంగలొచ్చి చేపలు వేసిపోతున్నారా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

అప్పుడు ఆపింది కత్తి. అతని మొహంలోకి చూసింది. ఇరవై ఆరేళ్లు స్కూలు ఆఫీసులో కూర్చుని, ఏ పిల్లాడు ఏ రోజు ఎందుకు రాలేదో పుస్తకం తెరవకుండా చెప్పిన మనిషి ఆమె. ఆ చూపు నెవిల్‌కి తెలుసు. దొంగ సెలవుచీటీ తెచ్చిన పిల్లల్ని అలాగే చూసేది. కాకపోతే ఇప్పుడందులో కోపం లేదు, జాలి ఉంది. నెవిల్‌కి కోపమే నయమనిపించింది.

"శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అంది. "అడగడం లేదు, చెప్తున్నాను. పోయిన వారం నువ్వు నలభై ఎనిమిది అన్నప్పుడే ఫోన్ చేశాను."

*

గురువారం సాయంత్రం టానియా ఇంట్లో భోజనం. కాల్చిన గొర్రెమాంసం, గుమ్మడి, పుదీనా పచ్చడి. పిల్లలు తినేసి టీవీ ముందుకి పోయాక టానియా గొంతు తగ్గించింది.

"నాన్నా, ఆ మంగళవారం బస్సు కొన్నాళ్లు మానేస్తే ఏమవుతుంది?"

నెవిల్ ఫోర్కు కింద పెట్టాడు. మంగళవారాల్లో అతను జీతం లేకుండా పెద్దవాళ్ల బస్సు నడుపుతాడు. తాముండే కెల్మ్‌స్కాట్ చుట్టుపక్కల ఒంటరిగా ఉండే ముసలివాళ్లని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, బజారుకి తీసుకెళ్లి, సంచులు మోసి, మళ్లీ గుమ్మం దాకా దింపడం. పదకొండు మంది. వాళ్లలో చాలామంది అతనికంటే ఐదారేళ్లే పెద్ద.

"ఎందుకు మానాలి?"

"అమ్మ చెప్పింది. చేపల సంగతి."

"చేపలకీ బస్సుకీ ఏంటే సంబంధం?"

"లెక్కపెట్టి లెక్కపెట్టి అక్కడే ఉంటున్నావట కదా. నాన్నా, నేనేమీ అనడం లేదు. ఎవరికైనా రావచ్చు. ముందే చూపించుకుంటే మందులున్నాయి."

"నా తొట్టిలో చేపలెక్కువయ్యాయి టానియా. వచ్చి లెక్కపెట్టు, కావాలంటే."

టానియా తల్లి వైపు చూసింది. లినెట్ పళ్లెంలో ఎముకని పక్కకి జరుపుతూ, "మొన్న గరాజు తాళాలు కూడా ఫ్రిజ్‌లో పెట్టాడు" అంది.

తాళాలు ఫ్రిజ్‌లో దొరికిన మాట నిజం. అక్కడ పెట్టిన గుర్తు మాత్రం నెవిల్‌కి లేదు. నేను కాదు అందామని నోరు తెరిచాడు. గుర్తులేనివాడు కూడా అదే అంటాడు కదా అనిపించి మూసేశాడు. ఆ తర్వాత మాట్లాడిందేదీ అతని బుర్రకెక్కలేదు. టానియా కొడుక్కి ఈత పోటీలు ఎప్పుడని లినెట్ అడగడం, పదిహేనో తారీకని టానియా చెప్పడం విన్నాడు. టీ తాగేటప్పుడు లినెట్ మళ్లీ అదే అడిగితే, "ఇందాకే చెప్పానుగా అమ్మా" అని టానియా విసుక్కోవడం కూడా విన్నాడు. అతని మనసు తాళాల దగ్గరే ఉంది.

*

డాక్టరమ్మ చిన్నదే, ముప్ఫై ఐదుండవు. మాట నెమ్మది. నెవిల్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, లినెట్‌కి పక్కన కుర్చీ వేసింది.

"ఐదు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను. నిచ్చెన, నారింజ, గొడుగు, వంతెన, దూది."

ఇవాళ ఏ రోజు, ఏ నెల అంది. వంద లోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంది. గడియారం గీసి పదకొండు దాటి పది నిమిషాలు పెట్టమంది. నెవిల్ చెమటలు కక్కుతూ అన్నీ చేశాడు. బస్సు లైసెన్సు పరీక్షకి కూడా ఇంత భయపడలేదు. చివరికి ఆమె అడిగినప్పుడు ఐదు మాటలూ వరసగా అప్పజెప్పాడు.

"చాలా బాగా చేశారు" అంది డాక్టరమ్మ. "మరి ఇంట్లో ఇబ్బందేంటి?"

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ నెవిల్‌కి అబద్ధం రాదు. చేపల సంగతంతా చెప్పాడు. ముప్ఫై ఆరు, నలభై ఎనిమిది, అరవై. చెప్తున్నకొద్దీ తన మాట తనకే పిచ్చిమాటలా వినిపించింది. డాక్టరమ్మ వేళ్లు కంప్యూటరు మీటల మీద ఆగి, మళ్లీ కదిలాయి.

"ఎవరైనా తెచ్చి వేస్తున్నారని మీ అనుమానమా?"

"అనుమానమని కాదు. మరి ఎలా వచ్చాయో..."

"ఆ ఆలోచన తరచు వస్తుందా?"

లినెట్ అందుకుంది. "పొద్దున లేస్తే అక్కడే. రాత్రి అన్నం ముందూ అక్కడే. నేను పిలిచినా పలకడు."

రక్తపరీక్షలు రాసింది డాక్టరమ్మ. తల స్కానింగుకీ రాసింది. వచ్చే గురువారం మళ్లీ రమ్మంది. "అంతవరకు ఆ బస్సు మాత్రం వద్దు. మీ కారు సరే, దగ్గరి దూరాలకి. పదకొండు మంది ప్రాణాలు కదా, మీరే ఆలోచించండి."

కారులో లినెట్ స్టీరింగు పట్టుకుంది.

"ఐదుకి ఐదూ చెప్పాను" అన్నాడు నెవిల్ కిటికీలోంచి చూస్తూ. "నువ్వు చెప్పు చూద్దాం, ఏంటవి?"

"నిచ్చెన" అంది లినెట్. ఎర్రదీపం దగ్గర ఆగింది. "నిచ్చెన, ఇంకా... నేను వినలేదు. పరీక్ష నీకు పెట్టారు, నాక్కాదు."

నెవిల్ నవ్వాడు. ఆ రెండు వారాల్లో అతను నవ్వింది అప్పుడే. ఆమె నవ్వలేదు.

సోమవారం బస్సు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. టానియా ముందే చెప్పిందట. "ఏం పర్లేదు నెవ్, విశ్రాంతి తీసుకో. వేరే డ్రైవర్ని చూశాం" అంది అవతలి ఆవిడ, జ్వరమొచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు.

*

మంగళవారం ఎండ పెరిగింది. పొద్దున తొమ్మిదికే తొట్టి నీళ్లు పంతొమ్మిది డిగ్రీలు. ఇరవై రెండు దాటితే ట్రౌట్‌కి గాలి చాలదు, నోళ్లు తెరిచి పైకొస్తాయి. మామూలుగా నవంబర్ చివరిదాకా, ఎండాకాలం మొదలయ్యేదాకా లాగించవచ్చు, కానీ ఇన్ని చేపలతో కాదు. నెవిల్ రెండు బకెట్ల నీళ్లు తీసి మడుల్లో పోసి, కొత్త నీళ్లు వదిలాడు. మేత ఆపేశాడు. బుద్ధి చెడినవాడికి కూడా చేపలు చావకుండా చూసుకునే హక్కుంటుంది కదా అనుకున్నాడు.

వెనక వరండాలో లినెట్ ఇస్త్రీ బల్ల తెరుస్తోంది. మంగళవారం ఆమెకి ఇస్త్రీ రోజు. ఏళ్ల తరబడి అతను బస్సు మీద ఉండే రోజు అదే.

"మిర్కో దగ్గరికి వెళ్లొస్తాను" అన్నాడు.

"ఎందుకు?"

"అమ్మోనియా గురించి అడగాలి."

ఆమె అతని చొక్కా కాలరు చేత్తో సాపు చేస్తూ, "సరే" అంది.

మిర్కో ఇల్లు పది నిమిషాల దూరంలో, రోలీస్టోన్ కొండ మీద. యుగోస్లావియా నుంచి కుర్రతనంలో వచ్చి ఇటుకల పని చేసి, మోకాళ్లు పోయాక చేపల్లో పడ్డాడు. అతని పెరట్లో తొట్లు ఎనిమిది. పెరటి చేపలవాళ్లందరూ మే నెలలో కలిసి చేపపిల్లల్ని తెప్పించుకునేది అతని పేరు మీదే. నెవిల్‌కి ఈ పని నేర్పింది కూడా అతనే.

నెవిల్ కారు దిగేసరికి మిర్కో మోకాళ్ల దాకా రబ్బరు బూట్లేసుకుని వల కడుగుతున్నాడు. తల ఎత్తి చూసి, కారులో ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాడు.

"ఇవాళ నువ్వొచ్చావేంట్రా? లిన్ రాలేదా?"

"లిన్ ఎందుకొస్తుంది?"

మిర్కో నాలిక్కరుచుకున్నాడు. వల మీద నీళ్ల గొట్టం అలాగే పోతోంది.

"ఏంట్రా మిర్కో? ఏం దాస్తున్నావు?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుందిరా. పోనీలే, ఆడమనిషి, నీకు భయపడుతోందనుకున్నా." కొళాయి కట్టేశాడు. "నాలుగు వారాల కిందట వచ్చింది. ఐస్‌పెట్టె పట్టుకుని, ఏడుపు మొహంతో. ఇస్త్రీ పెట్టె పెట్టుకోవడానికి నీ పంపు ప్లగ్గు పీకేసిందట. తిరిగి పెట్టడం మర్చిపోయిందట. చూసేసరికి గాలాడక పన్నెండు చచ్చి తేలాయట. తోటలో పాతిపెట్టేసి నా దగ్గరికొచ్చింది. 'నెవ్ ప్రాణం పెట్టి పెంచుకున్నాడు మిర్కో, తనకి తెలియకూడదు, పన్నెండు ఇయ్యి' అంది. ఇచ్చాను. ఒకే గుంపు పిల్లలు కదా, సైజు కూడా నీకు తేడా తెలీదని."

నెవిల్ లోపల ఏదో తేలికైపోయింది. చేపల్ని మనిషే తెచ్చివేసింది! తన లెక్క తప్పలేదు! కానీ వెంటనే అక్కడే చిక్కుపడింది. పన్నెండు చచ్చి, పన్నెండు వస్తే ముప్ఫై ఆరే ఉండాలిగా?

"ఒక్కసారేనా వచ్చింది?"

మిర్కో తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు.

"మరుసటి మంగళవారం నేను లేను, మోకాలు చూపించుకోవడానికి ఆస్పత్రికెళ్లాను. ఆ పై మంగళవారం వచ్చింది. అదే ఐస్‌పెట్టె. 'మిర్కో, ఘోరం జరిగిపోయింది, ఇస్త్రీ పెట్టెకని ప్లగ్గు పీకేశాను' అంది. మళ్లీనా తల్లీ అని నవ్వాను. నవ్వితే కోపమొచ్చింది ఆమెకి. మళ్లీ ఏంటి, ఇదే మొదటిసారి అంది. సర్లే, సిగ్గుపడుతోందనుకున్నా. పోయిన మంగళవారం మూడోసారి. ఒక్క మాట తేడా లేదురా నెవ్. అదే ఘోరం, అదే పన్నెండు, అవే కన్నీళ్లు." మిర్కో తన చేతుల్లోకి చూసుకున్నాడు. "నీకు ఫోన్ చెయ్యాలనుకున్నాను. ఏమని చెయ్యను? ఇవాళ కూడా వస్తుందని పొద్దున్నే పన్నెండు తీసి ఆ తొట్టిలో వేరేగా ఉంచాను."

నెవిల్ ఆ తొట్టి దగ్గరికి నడిచాడు. పన్నెండు ట్రౌట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి, నీటి ధారకి ఎదురీదుతూ ఉన్న చోటే ఉన్నాయి.

*

తిరిగొచ్చే దారిలో అతనికి కోపం రాజుకుంది. ఐదు మాటలూ వరసగా చెప్పాను. వందలోంచి ఏడేడు తీసేశాను. నా బస్సు పోయింది. కూతురి ముందు పళ్లెం మీదికి తల వంచుకున్నాను. ఇదంతా ఆమె ముందర పెట్టి, మిర్కోకి ఫోన్ కలిపి, టానియాకి కూడా వినిపించాలి. ఆ తాళాలు ఫ్రిజ్‌లో ఎవరు పెట్టారో ఇప్పుడు చెప్పు అని అడగాలి. గేటు దగ్గర కారు ఆపేదాకా ఆ మాటలు నోట్లోనే ఉన్నాయి.

లినెట్ కారు డిక్కీ తెరిచి ఉంది. పక్కన నేల మీద ఐస్‌పెట్టె.

ఆమె పెరట్లో ఉంది. తొట్టి పక్కన, మట్టిలో మోకాళ్ల మీద. ఇంట్లో వేసుకునే చెప్పుల్లో ఒకటి ఊడి దూరంగా పడింది. వరండాలో ఇస్త్రీ బల్ల మీద అతని నీలం చొక్కా సగం ఇస్త్రీ అయి ఉంది. నెవిల్ ముందు ప్లగ్గు చూశాడు. పంపు ప్లగ్గు దాని చోట అది ఉంది. ఇస్త్రీ పెట్టెది పక్కదాంట్లో ఉంది. మడుల్లోంచి నీళ్లు తొట్టిలోకి దూకుతూనే ఉన్నాయి.

అతన్ని చూసి ఆమె లేవబోయి లేవలేకపోయింది.

"నెవ్, నన్ను తిట్టకు. ఇస్త్రీ పెట్టెకని ప్లగ్గు పీకేశాను. పన్నెండు చచ్చిపోయాయి."

"ఎక్కడున్నాయి?"

"పాతిపెట్టాను. ఇక్కడే, సెలరీ కుండీల వెనక. ఎక్కడో కనపడట్లేదు. ఇప్పుడే పాతిపెట్టాను నెవ్, ఇప్పుడే." ఆమె గోళ్ల నిండా మట్టి. తవ్విన చోట పాత ఎముకలు తేలాయి. ముళ్లలాంటి తెల్లటి సన్నటి ఎముకలు, చీమలు తినేసి వదిలినవి.

నోట్లోని మాటలు ఎటు పోయాయో నెవిల్‌కి తెలియలేదు. ఆమె పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు పటపటమన్నాయి.

"లిన్, ఒకసారి నీళ్లలోకి చూడు."

చూసింది. నీళ్లు నల్లగా కిక్కిరిసి కదులుతున్నాయి. ఒకటి పైకొచ్చి ఈగని అందుకుని, తోకతో చప్పుడు చేసి మునిగింది.

"ఇన్నున్నాయేంటి?" అంది మెల్లగా.

"అరవై."

ఆమె ఎముకల వైపు చూసింది, తొట్టి వైపు చూసింది, గేటు బయట డిక్కీ తెరిచి ఉన్న కారు వైపు చూసింది. ఒక్కొక్కటే పక్కపక్కన పెట్టుకుంటోందని నెవిల్‌కి తెలుస్తోంది. సాయం చెయ్యాలో ఊరుకోవాలో తెలియలేదు.

"మిర్కో దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాను?"

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదనుకున్నాడు నెవిల్. "మూడు" అన్నాడు.

"నిజంగా పీకింది?"

"ఒకసారి."

"నిన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను." ఆమె గొంతు స్కూలు ఆఫీసులో పలికినట్టే స్థిరంగా ఉంది. "టానియాకి చెప్పాను. నీ బస్సు పోగొట్టాను. అది నేనా నెవ్? ఇంతకాలం అది నేనా?"

"నాకు తెలీదు లిన్. ఏమో, అలిసిపోయావేమో. నాకు నిజంగా తెలీదు."

"తెలీకపోవడమేంటి, నీకన్నీ తెలుసు. నిచ్చెన తర్వాత ఏంటది?"

"నారింజ."

"నారింజ" అంది ఆమె, మొదటిసారి విన్నట్టు.

కాసేపటికి నెవిల్ లేచి చెయ్యిచ్చాడు. ఊడిన చెప్పు తెచ్చి కాలి ముందు పెట్టాడు. నీళ్లు ఇరవై ఒకటికి చేరాయి. చెయ్యాల్సిన పని ఒకటుంది, అది చెప్పడం తేలిక. "ఇరవై నాలుగు తీసెయ్యాలి. ఇవాళే. లేకపోతే సాయంత్రానికి అన్నీ పోతాయి."

లినెట్ లోపలికి వెళ్లి ఐస్, సన్నటి కత్తి, పాత వార్తాపత్రికలు తెచ్చింది. అతను వలతో ఎత్తి ఐస్ నీళ్లలో వేస్తే, కదలిక ఆగినవాటిని ఆమె బల్ల మీదికి తీసుకుంది. కడుపున ఒక గీత, వేలితో ఒక లాగుడు, వెన్ను వెంట బొటనగోరుతో నల్లటి రక్తనాళం గీకడం, నీళ్ల కింద కడగడం. ఒక్కోదానికీ నిమిషం పట్టడం లేదు. ఆమె తండ్రి ఆల్బనీ రేవులో చేపలవాడు. నెవిల్ చేసి ఉంటే సగం మాంసం పేగులతో పోయేది.

"వెనక వీధి ఎడ్నాకి రెండివ్వు. బస్సులో నీ పక్కన కూర్చుంటుందే, ఆవిడకి" అంది తల ఎత్తకుండా. "టానియాకి ఆరు. చెప్పేది నేను చెప్తాను, నువ్వు చెప్పకు."

"సరే."

"నన్ను చూసి అలా మొహం పెట్టకు. అసహ్యంగా ఉంది."

"సరే" అన్నాడు మళ్లీ, మొహం పక్కకి తిప్పుకుని.

పదిహేడో పద్దెనిమిదో చేప దగ్గర ఆమె చేతులు ఆగాయి. కత్తి కింద పెట్టింది. ఎప్రాన్‌కి రెండు చేతులూ తుడుచుకుంది, ముందు అరచేతులు, తర్వాత వేళ్ల సందులు.

"ఫోనియ్యి. మర్చిపోకముందే."

అతను జేబులోంచి తీసిచ్చాడు. క్లినిక్ నంబరు ఆమెకి చూడకుండానే వచ్చు. పొలుసులంటిన వేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, వీపు నిటారు చేసి నిలబడింది.

"నమస్కారం. లినెట్ హాడ్జ్‌ని మాట్లాడుతున్నాను. గురువారం పదిన్నరకి మా ఆయన పేరు మీద రాశారు కదా." అవతలి మనిషి ఏదో అంది. "కాదమ్మా, మార్చొద్దు, తీసెయ్యొద్దు. అది ఆయనదే, ఆయన బస్సు ఆయనకి తిరిగి రావాలి. దాని తర్వాతది ఖాళీ ఉందా? ఉంటే రాయండి." నెవిల్ వైపు ఒకసారి చూసింది. ఇంకో చెయ్యి చాచి అతని చొక్కా చేతిని పట్టుకుంది.

"ఎవరికా? నాకు."